సీడీ లేకుండా లినక్స్, జేజినాయన డిస్కు

అక్క: నమస్కారం. కర్నూలు నుంచి మళ్లీ మేమే. వెనకాల మిక్సీ మోగితే ఏమీ అనుకోకండి.

తమ్ముడు: ఈరోజు సీడీ లేకుండా, ఒట్టి ఐఎస్‌ఓ ఫైలుతో, అంటే సీడీలో ఉండేదంతా ఒకే ఫైలుగా ఉన్నదానితో, విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఎక్కించుకోవడం గురించి.

అక్క: ముందు చెక్‌సమ్, ఫైలు సరిగ్గా దిగిందో లేదో చూడాలి.

తమ్ముడు: అప్పుడేనా!

అక్క: పొద్దున డౌన్‌లోడ్ మధ్యలో నెట్టు రెండుసార్లు తెగింది. ఫైలుకు వేలిముద్ర లాంటిది లెక్కకట్టే షా 256 సమ్ ఆదేశం నడుపు. మొత్తం 64 అక్షరాలు, సైటులో ఇచ్చినవాటితో ఒక్కటి కూడా తేడా రాకూడదు.

తమ్ముడు: నడిపిస్తున్నా, అది లెక్క కడుతూ ఉంటుంది. ఒకప్పుడు ఉబుంటు అనే లినక్స్ తయారుచేసే కెనానికల్ వాళ్లు దాని సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు, 2011లో ఆపేశారు. సీడీలో పట్టేది 700 ఎంబీ, ఉబుంటు 24.04 ఐఎస్‌ఓ ఐదు జీబీ పైనే. పాత ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఒక లినక్స్ ఉంటే పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్‌ను లేపే గ్రబ్ నేరుగా ఐఎస్‌ఓను తెరవగలదు. గ్రబ్ మెనూలో మన సొంత వరుసలు రాసుకునే 40 కస్టమ్ అనే ఫైలులో లూప్‌బ్యాక్ అని ఐఎస్‌ఓ దారి రాసి, లోపలి కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, అది లేవడానికి కావాల్సిన ఇనిట్‌ఆర్‌డీ ఫైలు ఎక్కడున్నాయో చూపించాలి. ఉబుంటు అయితే ఐసో-స్కాన్ ఫైల్‌నేమ్ కూడా రాయాలి, లేకపోతే కెర్నల్ లేచాక ఐఎస్‌ఓ ఎక్కడుందో దానికి తెలియదు. తర్వాత అప్‌డేట్-గ్రబ్ కొట్టి ఆ మార్పు ఎక్కించి, రీబూట్.

అక్క: ఐఎస్‌ఓ పెట్టిన పార్టిషన్, అంటే డిస్కులో ఆ భాగం, దాని జోలికి మాత్రం వెళ్లకండి. ఇన్‌స్టాలర్ దాని మీదే కూర్చుని ఉంటుంది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

తమ్ముడు: పెన్‌డ్రైవ్ ఉంటే ఇంకా సులువు. ఐఎస్‌ఓను డిస్కు మీదికి రాసే డీడీ ఆదేశంతో ఒక్క లైను...

అక్క: ఆ పేరు ఎత్తకు.

తమ్ముడు: అక్కా, రెండేళ్లయింది.

అక్క: జేజినాయన చెక్కభజన రికార్డింగులు ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు. నీకు తెలుసు.

తమ్ముడు: తెలుసు. లినక్స్ డిస్కులకు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని గుచ్చిన వరుసలో పేర్లు పెడుతుంది, నేను ఎస్‌డీబీ అంటే పెన్‌డ్రైవ్ అనుకున్నా. ముందురోజు అదే. ఆ రోజు ఎక్స్‌టర్నల్ డిస్కు ముందు గుచ్చాను, అది ఎస్‌డీబీ అయింది, పెన్‌డ్రైవ్ ఎస్‌డీసీకి పోయింది. డీడీ ఏమీ అడగదు. ఎంటర్ కొట్టాక ఉన్నదాని మీద రాసేయడమే.

అక్క: పొరపాటు గురించి కాదు రా నా బాధ. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజు చూసుంటే తెలిసేది, సరే, చూడలేదు. నాలుగు రోజులు నాకెందుకు చెప్పలేదు?

తమ్ముడు: భయమేసింది. అంతా పోయిందనుకున్నా.

అక్క: నువ్వు రాసిన మింట్ లినక్స్ ఐఎస్‌ఓ రెండు మూడు జీబీ, డిస్కు 500 జీబీ. పోయింది మొదట్లో ఆ కాస్తే. మిగతాదంతా అలాగే ఉంది, ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ లేక కనబడలేదు అంతే. వెంటనే డిస్కు పీకి పక్కన పెట్టి ఉంటే పోయిన ఫైళ్లు వెతికితీసే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్‌తో చాలావరకు వచ్చేవి. నువ్వు ఫార్మాట్ చేసి దాని మీద సినిమాలు కాపీ చేశావు.

తమ్ముడు: అమ్మకు డిస్కు ఖాళీగా కనబడకూడదని.

అక్క: ఆ సినిమాలే జేజినాయన గొంతు మీద కూర్చున్నాయి.

తమ్ముడు: (కాసేపు ఆగి) ఫోటోరెక్‌లో తొమ్మిది ఫైళ్లు వచ్చాయి కదా. పేర్లు లేకుండా, ఒట్టి నంబర్లతో.

అక్క: అందులో మూడు పాటలు పూర్తిగా ఉన్నాయి. ఒకదాంట్లో చెక్కలు ఆగాక ఆయన దగ్గుతాడు. అది రోజూ వింటాను.

తమ్ముడు: నాకెప్పుడూ చెప్పలేదే.

అక్క: నువ్వు అడగలేదు.

తమ్ముడు: ఆ ఫైలు నాకూ పంపు. రెండు చోట్ల పెడతా.

అక్క: మూడు చోట్ల పెట్టు.

తమ్ముడు: సరే. వినేవాళ్లకు కూడా చెప్తున్నా, కొత్తవాళ్లు డీడీ వద్దు. విండోస్‌లో ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించే రూఫస్ మామూలుగా యూఎస్‌బీ హార్డ్ డిస్కులను జాబితాలో చూపించదు. నా చేతిలో ఆ రోజు అది ఉంటే బాగుండేది.

అక్క: రూఫస్ అయినా డీడీ అయినా ముందు మిగతా డిస్కులన్నీ పీకేయండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉండాలి.

తమ్ముడు: సరే అక్కా, విన్నారు.

అక్క: చెక్‌సమ్ అయిందా?

తమ్ముడు: అయింది. సైటులోది నువ్వు చదువు, చివరి నాలుగు.

అక్క: తొమ్మిది, ఇ, రెండు, సి.

తమ్ముడు: నాకు ఏడు, బి... ఆగు, మళ్లీ చూస్తా.

అక్క: చూడక్కర్లేదు. మళ్లీ దించు.