డేటా ఎక్కడ దాచాలి? ముందు మళ్ళీ దొరకనిది ఎంతుందో చూద్దాం

నమస్తే అండీ. కంప్యూటర్‌లో ఉన్న డేటా దాచుకోవడానికి ఏది మంచిది? హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా, పెన్‌డ్రైవా, క్లౌడా? పండక్కి చుట్టాలు కలిసినా, ఆఫీసులో టీ తాగుతున్నా నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు చెప్పే ముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. పోతే మళ్ళీ దొరకనిది మీ దగ్గర ఎంత ఉంది? అది తేలితే ఏం కొనాలో సగం తేలినట్టే.

ముందు ఆ లెక్కే చేద్దాం. స్క్రీన్ మీద ఉన్నది నా ల్యాప్‌టాప్. నా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కుతున్నాను. లెక్క పెడుతోంది, కాస్త ఆగండి... 412 జీబీ. ఇప్పుడు డౌన్‌లోడ్స్ ఒక్కటే చూద్దాం. 190. సినిమాలు, సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్ళు, ఇవన్నీ కావాలంటే మళ్ళీ దింపుకోవచ్చు. గేమ్స్ 82, అవీ అంతే. మిగిలింది 140. అందులో ఫోటోలూ వీడియోలే 136. సర్టిఫికెట్లు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, ఇంటి కాగితాలు, మా అమ్మమ్మ పాటలు, అన్నీ కలిపినా 4 జీబీ. మీరూ ఒకసారి చేసి చూడండి. ప్రాణంగా చూసుకునేవి మనం అనుకున్నదానికంటే చాలా తక్కువ జాగాలో ఉంటాయి.

అమ్మమ్మ పాటలు అన్నాను కదా, వాటి సంగతి చెప్పాలి. మా అమ్మమ్మ బతుకమ్మ పాటలు బాగా పాడేది. ఒక దసరా సెలవుల్లో కూర్చోబెట్టి 11 పాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. మరుసటి ఏడాది ఆమె పోయింది. ఫోన్ నిండిపోతే ఆ పాటలను పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లోకి కట్ చేసి పేస్ట్ చేశాను. కాపీ కాదు, కట్. అంటే ఇక ఎక్కడా రెండోది లేదు. ఒకరోజు డిస్క్ తిరుగుతుండగా కేబుల్ కాలికి తగిలి బల్ల మీద నుంచి కింద పడింది. మోకాలంత ఎత్తు, అంతే. పైకి చిన్న గీత కూడా పడలేదు. కానీ మళ్ళీ పెడితే లోపల టక్... టక్... టక్ మని శబ్దం. కంగారులో పదిసార్లు తీసి పెట్టాను. చివరికి రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే, పడ్డాక అన్నిసార్లు తిప్పడమే ఎక్కువ చెరుపు చేసిందని చెప్పారు. 11 పాటల్లో 7 వచ్చాయి. ఇంకో రెండు జగిత్యాలలో మా పిన్ని ఫోన్‌లో దొరికాయి, ఎప్పుడో నేనే వాట్సాప్‌లో పంపానట. రెండు మాత్రం లేవు.

అందుకని ముందే చెబుతున్నా, హార్డ్ డిస్క్‌లో అలాంటి శబ్దం వినిపిస్తే వెంటనే కేబుల్ తీసేయండి. మళ్ళీ పెట్టి చూడొద్దు.

అంత చిన్న ఎత్తు నుంచి పడితేనే ఎందుకు పోయింది? హార్డ్ డిస్క్ లోపల అద్దంలాంటి పళ్ళేలు ఉంటాయి. పోర్టబుల్ డిస్కుల్లో అవి మామూలుగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటి పైన చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య ఖాళీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతుండగా కుదుపు తగిలితే హెడ్ వెళ్ళి పళ్ళేన్ని గీరేస్తుంది. ఆపి, జాగ్రత్తగా పెట్టిన డిస్క్‌కు ఆ భయం చాలా తక్కువ. పైగా అదే డబ్బుకు ఎక్కువ జాగా వచ్చేది దీనిలోనే. కాబట్టి ఇది దాచిపెట్టడానికి మంచిది, బ్యాగులో వేసుకుని తిరగడానికి కాదు. కొన్నాక 1 టీబీ అని రాసి ఉన్నది 931 జీబీ చూపిస్తోందని టెన్షన్ పడకండి. కంపెనీ వెయ్యి లెక్కన చెబుతుంది, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు.

ఎస్ఎస్‌డీకి వద్దాం. ఇందులో తిరిగేది ఏమీ లేదు, అన్నీ చిప్పులే. సాటా రకం సెకనుకు దాదాపు 550 ఎంబీ చదువుతుంది, ఎన్‌వీఎంఈ రకమైతే వేలల్లో ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తుంటే హార్డ్ డిస్క్ తీసేసి సాటా ఎస్ఎస్‌డీ వేయించండి, కొత్తది కొన్నట్టే ఉంటుంది. రోజూ పనిచేసే చోట ఎస్ఎస్‌డీయే ఉండాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టి మరిచిపోవడానికి ఇది పనికిరాదు. చిప్పుల్లో డేటా విద్యుత్ ఛార్జ్ రూపంలో ఉంటుంది. కరెంటు అందకపోతే అది మెల్లగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. ఈ రంగంలో ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ మామూలు ఎస్ఎస్‌డీలకు పెట్టిన లెక్క చూడండి. రాయగలిగినంతా రాసేసి అరిగిపోయిన ఎస్ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటాను నిలబెట్టాలి. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలమే ఆగుతుంది. కానీ మన ఎండాకాలం 30 డిగ్రీల దగ్గర ఆగదు కదా. ఇంకో మాట. ల్యాప్‌టాప్‌లోని ఎస్ఎస్‌డీ నుంచి పొరపాటున డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే, ట్రిమ్ అనే ఏర్పాటు ఆ జాగాను తుడిచేస్తుంది. హార్డ్ డిస్క్‌లో దొరికినట్టు మళ్ళీ దొరకడం చాలా కష్టం.

పెన్‌డ్రైవ్ ప్రింటు షాపుకు తీసుకెళ్ళడానికి మంచిది. అక్కడితో దాని పని అయిపోయినట్టే అనుకోండి. మరీ చవకగా వచ్చే 1 టీబీ, 2 టీబీ పెన్‌డ్రైవులు చాలావరకు నకిలీవి. లోపల ఉండేది 16, 32 జీబీ, పైకి మాత్రం 2 టీబీ చూపిస్తాయి. ఎక్కించినప్పుడు ఎక్కినట్టే ఉంటుంది, తెరిస్తే ఫైల్ రాదు. కొత్తగా కొన్నది ఏదైనా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒకసారి పరీక్షించండి. అది డ్రైవ్‌ను నిండా రాసి, తిరిగి చదివి, అసలు ఎంత జాగా ఉందో చెప్పేస్తుంది.

డీవీడీల గురించి ఎక్కువ చెప్పను. 4.7 జీబీ పడుతుంది, కొత్త ల్యాప్‌టాపుల్లో పెట్టే చోటే లేదు. ఇంట్లో పెళ్ళి డీవీడీలు ఉంటే మాత్రం ఈ నెలలోనే డిస్క్‌లోకి ఎక్కించేయండి.

క్లౌడ్ సంగతికొస్తే, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. నా 140 జీబీ పట్టదు, కానీ ఆ 4 జీబీ హాయిగా పడుతుంది. ఇల్లు మునిగినా, ల్యాప్‌టాప్ దొంగ ఎత్తుకుపోయినా అవి భద్రం. అయితే రెండేళ్ళు అసలు వాడని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. పెద్దవాళ్ళ పేరు మీద ఖాతా తెరిచి అందులో ఫోటోలు దాచినవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకోటి, సింక్ అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉన్నట్టు క్లౌడ్‌లోనూ ఉంచడం, అది బ్యాకప్ కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో కొన్నాళ్ళే ఉంటుంది.

ఇప్పుడు నేను ఏం చేస్తానో చూపిస్తాను. పని అంతా ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీలో. 140 జీబీ రెండు పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో ఉంటుంది, రెండూ వేర్వేరు కంపెనీలవి. ఒకటి మా బీరువాలో ఉంటుంది. జిప్ కవర్లో పెట్టి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే తెల్లటి సిలికా పొట్లం ఒకటి వేస్తాను, చెమ్మ చేరకుండా. రెండోది పిన్ని వాళ్ళింట్లో. పండక్కి వెళ్ళినప్పుడు ఇది ఇచ్చి అది తెచ్చుకుంటాను. డిస్కులను వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాంతో పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేశాను, ఎందుకంటే ఇంటి కాగితాలు ఉన్నాయి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అమ్మకు ఇచ్చాను.

నెలలో మొదటి ఆదివారం డిస్క్ పెట్టి, కాపీ చేసి, తీసేస్తాను. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్, వచ్చిన రోజు దాన్నీ లాక్ చేసేస్తుంది. కేబుల్ నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టండి. 140 జీబీ సెకనుకు 100 ఎంబీ లెక్కన 25 నిమిషాల లోపే అయిపోతుంది. పాత పోర్టులో గంట దాటుతుంది.

కాపీ అయ్యాక డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరుస్తాను. ఇదిగో, నీలం రంగులో గుడ్ అని ఉంది. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఆ డిస్క్‌ను ఇక నమ్మను, ఆ రోజే కొత్తది తెస్తాను.

ఇంకొక్క పని ఉంది, చాలామంది వదిలేసేది ఇదే. డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి తీసి మా చెల్లెలి ల్యాప్‌టాప్‌కి పెడుతున్నాను. వెరాక్రిప్ట్ పాస్‌వర్డ్ కొట్టాను, తెరుచుకుంది. పాటలు ఫోల్డర్, తొమ్మిది ఫైళ్ళూ ఉన్నాయి. పేరు కనబడితే చాలదు, తెరిచి చూడాలి. నాలుగోది నొక్కుతున్నాను.

వినండి, మా అమ్మమ్మ.