మా మావయ్య హాల్లో వీణ

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే మా మావయ్య ఫోన్ చేశారు. ఆయనది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. పగలు వరి సాగు, సాయంత్రం వీణ వినడం, ఈ రెండే ఆయన లోకం. వీణ అంటే మళ్ళీ ఎవరిదైనా కాదు, ఈమని శంకరశాస్త్రి గారిదే ముందు. 1922లో పక్కనే ద్రాక్షారామంలో పుట్టిన మనిషి కదా, మా ఊరి వీణ అంటారు మావయ్య. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారిది ఆ తరవాత.

"ఒరేయ్ అబ్బాయ్, మన పాటల సెట్టు గొంతు పోయిందిరా. తీగ మీటినట్టు లేదు, రేకు మీద కొట్టినట్టుంది. కొత్త డాక్ తెప్పించాను. కాస్త నయం గానీ సంక్రాంతికి విన్న వీణ ఇది కాదు. నువ్వోసారి రా" అన్నారు.

డాక్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఫోన్‌లో ఉన్నా, పెన్‌డ్రైవ్‌లో ఉన్నా పాట అంకెల రూపంలోనే ఉంటుంది. ఆ అంకెలను కరెంటుగా మార్చి ఆంప్లిఫయర్‌కు ఇచ్చేది డాక్. మీ ఫోన్‌లో ఒకటి ఉంది, టీవీలో ఒకటి ఉంది. చిన్న పెట్టెలా విడిగానూ అమ్ముతారు. వెయ్యి రూపాయలకూ దొరుకుతుంది, లక్షలు పెట్టినా దొరుకుతుంది. మావయ్య పాత డాక్ ఖరీదు 2,000. కొత్తది 28,000. అంటే ఇంచుమించు 16 బస్తాల ధాన్యం డబ్బు.

వెళ్ళాను. ముందు ఆ రెండు డాక్‌ల సంగతి తేల్చాలనుకున్నాం. ఊళ్ళో మోటార్లు బాగుచేసే కుర్రాడి దగ్గర మీటర్ అడిగి తెచ్చాను. శ్రుతిపెట్టెలాగా ఒకే స్వరం ఆగకుండా మోగే ఫైలు పెట్టి, స్పీకర్ వైర్ల దగ్గర వోల్టేజి చూశాను. పాత డాక్‌తో 2 వోల్టులు. కొత్తదానితో 2.2. వాల్యూమ్ మీట ఇద్దరమూ ముట్టుకోలేదు, అయినా కొత్తది కొంచెం గట్టిగా మోగుతోంది. ఇంత చిన్న తేడాను మన చెవి శబ్దం పెరిగిందని పట్టుకోదు. బాగుందనుకుంటుంది, తేటగా ఉందనుకుంటుంది. మావయ్య కాస్త నయం అన్నది దీన్నే.

రెండిటినీ సరిగ్గా 2 వోల్టుల దగ్గరికి తెచ్చాను. అడ్డంగా దుప్పటి కట్టి, ఆంప్లిఫయర్ దగ్గర అత్తయ్యను కూర్చోబెట్టాం. రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే కొత్త డాక్, బొరుసు పడితే పాతది. అదే వీణ, అదే అర నిమిషం ముక్క. ఏది మోగుతోందో మావయ్య చెప్పాలి. ఇరవైసార్లు విన్నారు, కళ్ళు మూసుకుని, ఎంతో శ్రద్ధగా. పదకొండుసార్లు సరిగ్గా చెప్పారు. వినకుండా ఊరికే చెప్పినా సుమారు పదిసార్లు కుదురుతుంది.

ఇది మా మావయ్య ఒక్కరి సంగతే కాదు. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున చేసి, 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో అచ్చువేశారు. సీడీని మించిన నాణ్యత గల రికార్డింగులు ఒకవైపు, వాటినే సీడీ స్థాయికి దించి ఇంకోవైపు వినిపించారు. మొత్తం 554 ప్రయత్నాల్లో సరైనవి 276. సగానికి ఒకటి తక్కువ.

కారణం కష్టమైనదేమీ కాదు. 1982లో సీడీ వచ్చినప్పుడే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసేవారు. మనిషి చెవికి అందేది మహా అయితే సెకనుకు 20,000 కంపనాలు. దానికి రెట్టింపుకు మించి కొలతలుంటే ఆ ధ్వనిని మళ్ళీ పూర్తిగా కట్టవచ్చు. అరవై దాటిన చెవికైతే ఆ 20,000 కూడా అందవు. ఈ పని ఇప్పుడు చవక డాక్‌లు కూడా శుభ్రంగా చేసేస్తున్నాయి.

ఇదంతా చెప్పాను. మావయ్య ఒప్పుకున్నారు. ఒప్పుకుని, "డాక్ సంగతి సరేరా. కానీ సంక్రాంతికి బాగుంది, ఇప్పుడు బాగాలేదు. నా చెవి అబద్ధం చెప్పదు" అన్నారు.

నేను స్పీకర్లు విప్పి చూశాను. వైర్లు మార్చాను. ఏ లోపమూ కనపడలేదు. నిజం చెబుతున్నాను, మావయ్య చెవికే వయసొచ్చిందేమో అనుకున్నాను.

అప్పుడు దుప్పటి వెనకనుంచి అత్తయ్య అన్నారు. "సంక్రాంతికి ఈ హాలు నిండా ధాన్యమే కదండీ. మిల్లుకి తోలేశాకే ఈ గోలంతా. ఇప్పుడు నేను వంటింట్లోంచి పిలిచినా రెండుసార్లు పిలిచినట్టుంటోంది."

ఇల్లు కొత్తది. డాబా ఇల్లు, కింద గ్రానైటు, గోడలకు నున్నటి పెయింటు. సార్వా కోతలయ్యాక, ధర కోసం ఆగుదామని 60 బస్తాలు ఆ హాల్లోనే గోడ వారన దొంతరగా పేర్చారు. మావయ్య వాళ్ళబ్బాయి సంక్రాంతికి సెట్టు తెచ్చి బిగించింది ఆ బస్తాల ఎదురుగానే. గోనె, దాని వెనక వడ్లు, వడ్ల మధ్య గాలి. శబ్దం అందులోకి వెళ్ళి చిక్కుకుపోతుంది, తిరిగి రాదు. మార్చిలో లారీ వచ్చింది. బస్తాలు వెళ్ళిపోయాయి. గోడ మిగిలింది.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఇరవై అడుగుల హాల్లో ఎదురు బొదురు నున్నటి గోడలుంటే సెకనులో యాభైసార్లకు పైగా ఆ గోడకోసారి, ఈ గోడకోసారి తగులుతుంది. ఒక మీటు అణగకముందే రెండో మీటు దాని మీద పడుతుంది. వీణలో గమకం అంటే తీగను లాగి స్వరాన్ని మెల్లగా జార్చడం. ఆ జారేదంతా గోడల మోతలో కలిసిపోయింది. మావయ్య చెవి అబద్ధం చెప్పలేదు. సెట్టు మారలేదు, గది మారింది.

మా చిన్నప్పటి మండువా లోగిలి గుర్తొస్తోంది నాకు. పైన పెంకులు, మధ్యలో ఆకాశం, ఓ పక్క నులక మంచాలు. అక్కడ తాతగారి చిన్న రేడియో ఎంత హాయిగా వినపడేదో! మంచి రేడియో అనుకునేవాళ్ళం. ఆ హాయిలో చాలా భాగం ఆ ఇంటిదేనని ఇప్పుడనిపిస్తోంది.

ఇప్పుడు మీరో పని చేయండి. మీరున్న గదిలో గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. నేనూ ఈ స్టూడియోలో కొడతాను, వినండి. టప్ మని మోగి అక్కడే ఆగిపోయింది. మీ గదిలో దాని వెనకాల ఝుమ్మని తోక వినపడిందా? వినపడితే మీరు కొత్త డాక్ కోసం డబ్బు తీయకండి, ఇప్పుడే తీయకండి.

మావయ్య ఇంట్లో మేము చేసింది ఇదే. స్పీకర్లు మూలల్లోంచి తీసి గోడకు రెండడుగులు ముందుకు జరిపాం. మూలలో ఉంటే బొంగురు మోత పెరుగుతుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య గ్రానైటు మీద మందపాటి జంపఖానా పరిచాం. ఎదురు గోడకు దండెం కట్టి, అత్తయ్య కుట్టిన పాత చీరల బొంతలు నాలుగు మడతలు పెట్టి వేలాడదీశాం. పల్చటి కర్టెను చాలదు, మందం ఉండాలి, గోడకు జానెడు ఎడం ఉంటే ఇంకా మంచిది. అత్తయ్య మళ్ళీ చప్పట కొట్టి చూశారు. ఆ తోక చాలా మటుకు పోయింది.

డాక్ మార్చక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. లాప్‌టాప్ నుంచి సన్నటి గరగర వస్తున్నా, ఫోన్‌కు వైరు పెట్టే రంధ్రమే లేకపోయినా విడిగా ఒక డాక్ కొనుక్కోవచ్చు. రెండు వేలది సరిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు ముందు పిన్నులు తుడిచి చూడండి. ఉప్పు గాలికి చిలుము పట్టినా గరగర వస్తుంది. ఖరీదైనది కొనాలనే ఉంటే కొట్లో రెండిటి శబ్దమూ సమానంగా పెట్టించి, ఏది మోగుతోందో చూడకుండా వినండి.

మావయ్య ఆ 28,000 డాక్‌ను గడువులోపే తిరిగి పంపేశారు. బొంతలు మాత్రం దండెం మీదే వేసవంతా, వానాకాలమంతా ఉన్నాయి. మొన్న డిసెంబరులో చలికి అత్తయ్య వాటిని దించి మంచాల మీదికి తెచ్చుకున్నారు. అప్పటికే సార్వా ధాన్యం హాల్లోకి వచ్చేసింది.