కిటికీలో కొవ్వొత్తి, చర్చి పక్కన ఎముకలు

నమస్తే అండి. ఇవాళ నలభై ఏళ్లకి పైనే వెనక్కి వెళ్దాం. 1981 డిసెంబర్. ఒకటే వారం, రెండు దేశాలు.

డిసెంబర్ 13న పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం మార్షల్ లా పెట్టింది. సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘం నాయకుల్ని పట్టుకెళ్లి లోపలేసింది. మూడు రోజులకి వుయెక్ బొగ్గుగనిలో సమ్మె చేస్తున్న కార్మికుల మీద కాల్పులు జరిగాయి, తొమ్మిది మంది పోయారు. అమెరికా పత్రికలకీ టీవీలకీ రోజుల తరబడి ఇదే పెద్ద వార్త. క్రిస్మస్ ముందు అధ్యక్షుడు రీగన్ టీవీలో మాట్లాడుతూ, పోలండ్ ప్రజల కోసం కిటికీలో కొవ్వొత్తి వెలిగించండి అని అడిగారు. తప్పేం లేదు. చెప్పాల్సిన వార్తే అది.

ఆ మార్షల్ లాకి సరిగ్గా రెండు రోజుల ముందు, 11వ తేదీన, మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్ కొండల్లో ఎల్ మొసోతే అనే పల్లెలో ఏం జరిగిందో మాత్రం ఆ కొవ్వొత్తులు వెలిగించినవాళ్లకి తెలీదు. అప్పుడక్కడ ప్రభుత్వానికీ వామపక్ష గెరిల్లాలకీ మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. ప్రభుత్వ సైన్యంలో అమెరికా శిక్షణ ఇచ్చిన అట్లకాటిల్ బెటాలియన్ ఊరిని చుట్టుముట్టింది. మగవాళ్లని విడిగా, ఆడవాళ్లని విడిగా, పిల్లల్ని విడిగా పెట్టి చంపింది. చుట్టుపక్కల పల్లెలతో కలిపి దాదాపు వెయ్యి మంది. చెట్టు చాటున దాక్కుని బతికిన రూఫినా అమాయా తన భర్తనీ, నలుగురు పిల్లల్నీ పోగొట్టుకున్నారు.

వార్త బయటికి రావడానికి ఆరు వారాలు పట్టింది. న్యూయార్క్ టైమ్స్ నుంచి రేమండ్ బానర్, ఫొటోగ్రాఫర్ సుసాన్ మైసెలాస్, కొద్ది రోజుల తేడాతో వాషింగ్టన్ పోస్ట్‌కి రాసే అల్మా గిల్యెర్మోప్రియెతో అనే విలేకరి అక్కడికి వెళ్లారు. కూలిన ఇళ్లు చూశారు, శవాలు చూశారు, రూఫినాతో మాట్లాడారు. 1982 జనవరి 27న రెండు పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది. ఆ మర్నాడే, ఎల్ సాల్వడార్ ప్రభుత్వం మానవ హక్కుల విషయంలో గట్టిగా ప్రయత్నిస్తోందని రీగన్ కాంగ్రెస్‌కి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కాగితం ఉంటేనే ఆ దేశానికి అమెరికా సైనిక సాయం ఆగకుండా వెళ్లేది మరి.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఈ విలేకరుల్ని ఆ ఊరికి తీసుకెళ్లింది గెరిల్లాలే. కాబట్టి అనుమానం రావడం న్యాయమే. బానర్ కూడా ఆ సంగతి దాచలేదు. కానీ అనుమానం అనేది రెండు వైపులా ఉండాలి కదా?

అమెరికా ఎంబసీ నుంచి ఇద్దరు విచారణకి బయల్దేరారు. హెలికాప్టర్‌లో పైనుంచి చూశారు. దగ్గరి ఊళ్లలో, సైనికులు పక్కన ఉండగా జనంతో మాట్లాడారు. ఎల్ మొసోతేలో మాత్రం కాలు పెట్టలేదు. దాని మీద ఆధారపడి థామస్ ఎండర్స్ అనే ఉన్నతాధికారి కాంగ్రెస్ ముందుకొచ్చి, సైన్యం సామాన్యుల్ని పథకం ప్రకారం చంపిందని చెప్పడానికి ఆధారాల్లేవన్నారు. పైగా లెక్కల పేచీ ఒకటి. ఆ ఊళ్లో ఉన్నదే మూడు వందల మంది, అంతమంది ఎలా చస్తారు అని! పక్క పల్లెల్లో చనిపోయినవాళ్లు, ఇక్కడైతే భద్రమని వచ్చి తలదాచుకున్నవాళ్లు ఆ లెక్కలో లేరు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. కళ్లారా చూసిన తల్లి మాటకి రుజువు కావాలి. వెళ్లి చూడని అధికారి మాటకి ఏ రుజువూ అక్కర్లేదు. వాల్‌స్ట్రీట్ జర్నల్ పెద్ద సంపాదకీయం రాసి ఏకిపారేసింది ఎవర్ననుకున్నారు? అధికారుల్ని కాదు, బానర్‌ని. ఆ ఏడాదే టైమ్స్ వాళ్లు ఆయన్ని న్యూయార్క్‌కి పిలిపించి బిజినెస్ డెస్క్‌లో వేశారు. ప్రభుత్వ ఒత్తిడి వల్ల కాదని ఎడిటర్ అన్నారు. సరే, కాదనే అనుకుందాం. ఎల్ సాల్వడార్‌లో ఉన్న మిగతా విలేకరులకి మాత్రం సంగతి అర్థమై ఉంటుంది.

పక్షపాతం అంటే మనం అబద్ధాలు రాయడమే అనుకుంటాం. ఇందులో ఎవరూ అబద్ధం అచ్చేయక్కర్లేదు. ఒక వార్తని రోజూ మొదటి పేజీలో ఉంచి, ఇంకోదాన్ని ‘ఆరోపణ’ అని ఒకసారి వేసి, ‘ఖండన’ అని ఇంకోసారి వేసి వదిలేస్తే చాలు. మన పేపర్ల విదేశీ పేజీ కూడా ఎక్కువగా బయటి ఏజెన్సీల కాపీ మీదే నడుస్తుంది. అక్కడ ‘ఆరోపణ’ అని వస్తే ఇక్కడా ఆరోపణే.

1992లో యుద్ధం ఆగింది. అర్జెంటీనా నుంచి ఫోరెన్సిక్ నిపుణులు వచ్చి ఎల్ మొసోతేలో చర్చి పక్కనున్న చిన్న ఇంటి శిథిలాల్ని తవ్వారు. ఆ ఒక్కచోటే 143 మంది అవశేషాలు. అందులో 131 మంది పన్నెండేళ్లలోపు పిల్లలు. దొరికిన ఖాళీ తూటా తొడుగుల్లో గుర్తు పట్టగలిగిన వాటి మీద తయారీ ముద్ర చూశారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, లేక్ సిటీ ఫ్యాక్టరీ.

రూఫినా అమాయా 2007లో చనిపోయారు. అప్పటిదాకా వచ్చి అడిగిన ప్రతివాళ్లకీ, 1982లో బానర్‌కి చెప్పిందే చెబుతూ వచ్చారు.