పాత బుల్లెట్ కింద ఆయిల్ చుక్క

శ్రోతలందరికీ నమస్కారం.

పాత మోటార్‌సైకిల్ ఉన్న ఇల్లు గేటు దగ్గరే తెలిసిపోతుంది. బండి నిలబెట్టే చోట గచ్చు మీద అరచేయంత నల్లటి మరక ఉంటుంది. కొందరు దాని మీద అట్టముక్క పరుస్తారు, కొందరు ఇసుక పోస్తారు. "పాత బుల్లెట్ కదండీ, ఆ మాత్రం కారుతుంది" అని మెకానిక్‌లు కూడా అనేస్తుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ చుక్క ఆగుతుంది. ఆపడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఆపాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది. నడుస్తున్న బండి కింద రాలే ఆయిల్ గాలికి వెనక్కి కొట్టుకుపోయి వెనక టైరు మీద పడుతుంది. మలుపులో బండి వంచినప్పుడు అది ప్రాణం మీదకు తెస్తుంది.

బుల్లెట్ గురించే ఎందుకంటే, మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత ఇంజన్లలో అందరికీ తెలిసింది అదే. ఇంగ్లాండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన ఆ బండిని మన దేశంలో చేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. పోత ఇనుప సిలిండరు, దాని కింద అల్యూమినియం క్రాంక్‌కేసు, అంటే క్రాంక్ తిరిగే అడుగు పెట్టె. అదే అమరిక దశాబ్దాల పాటు కొనసాగింది. ఆయిల్ ట్యాంకు కూడా ఆ క్రాంక్‌కేసులోనే కలిసి ఉంటుంది. అందుకని ఇంజన్ కింద ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్, అంటే మరలతో బిగించే బిరడా, ఒక్కటే కాదు. ట్యాంకు ఖాళీ చేయడానికి ఒకటి, క్రాంక్ తిరిగే గది అడుగున మిగిలిన ఆయిల్ తీయడానికి ఇంకొకటి. గేర్‌బాక్సు ప్లగ్ వేరే.

ముందు తేల్చుకోవాల్సింది, కారుతున్నది నిజంగా ప్లగ్ దగ్గరేనా అన్నది. ఆయిల్ ఎక్కడ బయటపడినా చివరికి అన్నింటికంటే కింద ఉన్న చోటికే చేరుతుంది. సిలిండరు పక్కన ట్యాపెట్ కవర్ అనే మూత దగ్గర మొదలైన తడి క్రాంక్‌కేసు అంచు పట్టుకుని జారి జారి, ప్లగ్ తల మీదకు వచ్చి అక్కడి నుంచి చుక్కగా రాలుతుంది. నేరం ఎక్కడిదో, నింద ప్లగ్ మీద. అందుకని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అడుగంతా కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు ప్లగ్ చుట్టూ, ఆ పైన గోడల మీదా చల్లండి. ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు వేడెక్కనిచ్చి, టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడరులో నల్లటి గీత ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. గీత పైనుంచి వస్తుంటే ప్లగ్‌ను ముట్టుకోవద్దు. ప్లగ్ తల చుట్టూ మాత్రమే ఉంగరంలా తడిసిందంటే, ఇక్కడి నుంచి చెప్పేది మీకోసమే.

అసలు విషయం ఇది. ఈ డ్రెయిన్ ప్లగ్ మరలు మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. అలాంటి మరల మధ్య ఎప్పుడూ సన్నటి సందు ఉంటుంది, లేకపోతే ప్లగ్ తిరగనే తిరగదు. వేడెక్కి పలచబడిన ఆయిల్ ఆ సందులో చుట్లు చుట్లుగా పాకుతూ కిందకు వస్తుంది. కాబట్టి మర ఆయిల్‌ను ఆపదు. మర పని ప్లగ్‌ను లాగి పట్టుకోవడం. ఆయిల్‌ను ఆపేది ప్లగ్ తలకూ క్రాంక్‌కేసుకూ మధ్య నలిగే వాషరు. మన వంటింట్లో కుక్కర్ మూతను పట్టి ఉంచేది పిడి, ఆవిరిని ఆపేది గాస్కెట్. గాస్కెట్ గట్టిపడిపోతే పిడి ఎంత నొక్కినా ఆవిరి పోతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే.

ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది మరల మీద తెల్లటి టెఫ్లాన్ టేపు చుడతారు. ఆ అలవాటు కుళాయి పని నుంచి వచ్చింది. నీళ్ల పైపుల మరలు చాలావాటికి కొస వైపు సన్నబడే వాలు ఉంటుంది, 16 మిల్లీమీటర్ల పొడవుకు 1 మిల్లీమీటరు చొప్పున. అక్కడ మరే బిగుసుకుని నీటిని ఆపాలి, కాబట్టి టేపు సరైనదే. ఇంజన్ డ్రెయిన్ ప్లగ్‌కు అది పనికిరాదు సరికదా, చెరుపు చేస్తుంది. టేపు పీలికలు తెగి ఆయిల్‌లో పడితే అవి పంపుకూ సన్నటి ఆయిల్ దారులకూ అడ్డం పడతాయి. పైగా టేపు జారుడుగా ఉంటుంది కాబట్టి చేతికి తెలియకుండానే ఎక్కువ బిగించేస్తాం. సిలికాన్ గమ్ దట్టంగా పూస్తే కూడా ఇదే ప్రమాదం. బయటకు పొంగింది మనకు కనిపిస్తుంది, లోపలికి పొంగింది కనిపించదు.

మరేం చేయాలి? వాషరు మార్చాలి. రాగి వాషరయితే పాతదాన్నే మళ్లీ వాడుకోవచ్చు, కానీ ఊరికే తిప్పి వేయడం కాదు. రాగి ఒకసారి నలిగితే గట్టిపడుతుంది. గట్టిపడిన రాగి గీతల్లోకి, గుంటల్లోకి సర్దుకోదు. దాన్ని మళ్లీ మెత్తబరచాలి. ముందు నూనె లేకుండా శుభ్రంగా తుడిచి, ఇనుప తీగకు వాషరును గుచ్చి, గ్యాస్ స్టవ్ మంట మీద పట్టుకోండి. గదిలో లైటు ఆపేస్తే రంగు బాగా తెలుస్తుంది. మొదట రంగురంగులుగా మారుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత మసక ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపు చాలు. వెంటనే గిన్నెలోని నీళ్లలో వదిలేయండి. ఇనుమును అలా ముంచితే గట్టిపడుతుందని మనకు అలవాటైన లెక్క, రాగికి ఆ లెక్క లేదు. నీళ్లలో వేసినా, గాలికి వదిలినా మెత్తగానే ఉంటుంది. నీళ్లలో వేస్తే నల్లటి పొలుసు రాలిపోవడం అదనపు లాభం. తర్వాత అద్దం ముక్క మీద సన్న ఎమరీ కాగితం పరిచి, వాషరును వేలితో నొక్కి గుండ్రంగా రుద్దండి. రెండు వైపులా ఒకే మెరుపు వచ్చిందంటే అది చదునుగా ఉన్నట్టు.

అల్యూమినియం వాషరుతో మాత్రం ఈ పని చేయకండి. అది 660 డిగ్రీలకే కరుగుతుంది, కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు. చూస్తుండగానే చుక్కగా జారిపోతుంది. అల్యూమినియం వాషరు కొత్తది వేయడమే మంచిది. ఫైబర్ వాషరూ అంతే. ఇనుప చక్రం లోపల రబ్బరు పెదవి అతికించిన డౌటీ వాషర్లు హైడ్రాలిక్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అడగండి. కాస్త గీతలు పడిన క్రాంక్‌కేసు మీద కూడా అవి బాగా ఆపుతాయి. నా ఓటు వాటికే. కానీ ప్లగ్ తల ఆ రబ్బరును పూర్తిగా కప్పేంత వెడల్పు ఉండాలి.

ఇక వాషరు ఆనే చోటు. చాలామంది మరిచిపోయేది ఇదే. ప్లగ్ తీశాక క్రాంక్‌కేసు ముఖాన్ని గుడ్డతో తుడిచి, గోరుతో చుట్టూ గీసి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గీత ఉంది, లేదా పాత వాషరు ముక్క అంటుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో గోకవద్దు, అల్యూమినియం మెత్తన, కొత్త గీత పడుతుంది. సన్నటి నూనెరాయితో మెల్లగా సాపు చేయండి. ప్లగ్ తల అడుగు వంకర పోయి ఉంటే దాన్ని లేత్ మీద ఒక పొర తీయిస్తే సరిపోతుంది.

బిగించేటప్పుడు మొదటి చుట్లన్నీ వేళ్లతోనే తిరగాలి. రెండు మూడు చుట్లకే పట్టేస్తే ఆగిపోండి, ఆ ప్లగ్ ఆ రంధ్రానిది కాకపోవచ్చు. ఇంగ్లీషు పద్ధతి పావు అంగుళం పైపు మరకు అంగుళానికి 19 చుట్లు, అమెరికా పద్ధతి దానికి 18. చూపుకు ఒకేలా ఉంటాయి. విట్‌వర్త్ అనే ఆ ఇంగ్లీషు మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మరది 60. పాత బుల్లెట్లలో ఎవరెవరి చేతుల్లో పడి ఏ ప్లగ్ వచ్చి చేరిందో చెప్పలేం, మరల మధ్య దూరం కొలిచే పిచ్ గేజ్ పెట్టి చూస్తేనే తేలుతుంది. వాషరు ఆనాక పొట్టి పానాతో, మణికట్టు బలంతో బిగిస్తే చాలు. పానాకు పైపు తొడిగి లాగిన ప్రతిసారీ నష్టపోయేది ఉక్కు ప్లగ్ కాదు, అల్యూమినియం క్రాంక్‌కేసే.

మరలు ఇప్పటికే పోయి ఉంటే హెలికాయిల్ వేయించండి. అది స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట. రంధ్రానికి పెద్ద ట్యాప్, అంటే మరలు కోసే పనిముట్టు, కొట్టి అందులో దించితే పాత సైజు ప్లగ్ మళ్లీ పడుతుంది. ట్యాప్ మీది గాడుల్లో గ్రీజు పూసి కొట్టమనండి, పొట్టు దానికి అంటుకుంటుంది. పని అయ్యాక పై నుంచి కొంచెం ఆయిల్ పోసి, ప్లగ్ రంధ్రం నుంచి కారనిచ్చి పారబోయండి. మిగిలిన రజను దాంతో వస్తుంది. ఎమ్‌సీల్ పూసి పైన మూసేయడం ఊరు చేరేదాకా పనికొస్తుంది, అంతకుమించి కాదు.

అంతా అయ్యాక బండి ఒక పావుగంట తిప్పి, మళ్లీ పౌడరు చల్లి చూసుకోండి. తీసిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకండి. మన దేశపు 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో ఇవ్వండి.

నమస్కారం.