దేవదాసుకు పాటలెందుకు ఇచ్చారు?

అందరికీ నమస్కారం. నెల్లూరులో సినిమా గురించి మాట్లాడాలంటే నాకు కొంచెం టెన్షనే. ఇక్కడ టిక్కెట్టు కొన్న ప్రతివాడూ విమర్శకుడే. అందుకే అందరికీ తెలిసిన కథ తీసుకున్నాను. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర, అదే మన శరత్‌బాబు, నవల దేవదాసు, దాన్ని 1953లో వేదాంతం రాఘవయ్య గారు తీసిన సినిమా.

మన దగ్గర కుర్రోడెవడైనా గడ్డం పెంచుకుని దిగులుగా తిరుగుతుంటే "ఏందబ్బా, దేవదాసు మాదిరి అయిపోయినావు" అంటాం. అందులో వెక్కిరింపు కొంతే, జాలే ఎక్కువ. ఆ జాలి మనకు నవల నుంచి రాలేదు, పాటల నుంచి వచ్చింది.

నవల తెరిచి చూడండి. చిన్నప్పుడే దేవదాసు పార్వతిని కొడతాడు. ఆ పిల్ల ఇంటికెళ్ళి పంతులు కొట్టాడని అబద్ధం చెప్పి ఇతన్ని కాపాడుతుంది. పెద్దయ్యాక అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చేదీ ఆమే. పరువూ భయమూ పక్కన పెట్టి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే, ఇతని బెంగంతా ఎవరైనా చూశారేమోనని! తండ్రి కాదంటే గట్టిగా నిలబడడు, కలకత్తా వెళ్ళిపోతాడు. అక్కణ్ణుంచి ఒక ఉత్తరం. నీ మీద నాకు అంత ప్రేమ ఉందని ఎప్పుడూ అనుకోలేదు, అని దాని సారాంశం. తర్వాత మనసు మార్చుకుని పరుగెత్తుకొస్తాడు. ఈసారి కాదనేది పార్వతి. అప్పుడు చేతిలో ఉన్న గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. ఈ పనుల్లో ఒక్కదాన్నీ శరత్ కప్పిపుచ్చడు.

సినిమా ఈ కథను పెద్దగా మార్చలేదు. మార్చింది మనిషిని. నవలలో దేవదాసుకు తన బాధ చెప్పుకోవడం చేతకాదు. తాగుతాడు, తిరుగుతాడు, ఏదీ తేల్చడు. సినిమాలో సీనియర్ సముద్రాల మాటలు, సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు అతనికి దొరికాయి. 'జగమే మాయ' అనేసరికి పిరికివాడు కాస్తా వేదాంతి అయిపోయాడు. 'కుడి ఎడమైతే' పాటలోనైతే ఓడిపోలేదని కూడా అంటాడు. అయ్యా, ఓడిపోయావు. ఓడించుకున్నదీ నువ్వే. కానీ ఆ గొంతు వింటూ ఈ మాట అనగలిగే ధైర్యం ఎవరికుంది? నాకైతే లేదు.

అక్కినేని నటనను తగ్గించడం లేదు. ఆ సగం మూసిన కళ్ళలో పశ్చాత్తాపం ఉంది, అది పాత్రకు న్యాయమే. సావిత్రి పార్వతి మాత్రం నవలకు ఇంకా దగ్గర. ఆ బింకం శరత్ రాసిందే. రెండేళ్ళకు మన నెల్లూరు పుల్లయ్య గారు తీసిన 'కన్యాశుల్కం' సినిమాలో మధురవాణి వేసిందీ ఆమే. దాని గురించి మొదలుపెడితే ఈ సాయంత్రం చాలదు.

నవల చివర్లో శరత్ పాఠకులతో నేరుగా మాట్లాడతాడు. దేవదాసు లాంటివాడు ఎదురైతే అతని కోసం కాస్త ప్రార్థించమంటాడు. అలా అడుగుతూనే అతన్ని అభాగ్యుడు, అసంయమి, పాపిష్ఠి అంటాడు. జాలిపడ్డాడు గానీ మెచ్చుకోలేదు. సినిమా కూడా హీరోని పాపిష్ఠి అని ఉంటే జనం హాల్లో కూర్చునేవాళ్ళా అంటే, అనుమానమే.

ఘంటసాల అభిమానులు ఇక నాతో పోట్లాటకు రావచ్చు. మైకు ఇచ్చేస్తున్నాను.