మిర్రర్లు పది ఉంటే సైటు పడిపోదా?

నమస్తే. టోర్ అంటే ఎవరు ఎక్కడున్నారో దాచే నెట్‌వర్క్. అందులో మాత్రమే తెరుచుకునే ఆనియన్ సైటు ఒకటి డౌన్ అయితే, కాసేపటికే ఇంకో అడ్రస్‌లో ఎలా ప్రత్యక్షమవుతుంది? ఈ రోజు దాని సంగతే చూద్దాం.

ముందే ఒక మాట. టోర్ అనగానే చాలామందికి దొంగ వ్యాపారాలే గుర్తొస్తాయి. కానీ ఫేస్‌బుక్ 2014లో, అమెరికా వార్తా సంస్థ ప్రోపబ్లికా 2016లో, బీబీసీ 2019లో తమ సైట్లకు ఆనియన్ అడ్రస్‌లు పెట్టుకున్నాయి. వార్తలను బ్లాక్ చేసే చోట కూడా పాఠకులు చదవగలగాలన్నది బీబీసీ ఉద్దేశం. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే టెక్నాలజీయే.

మామూలు సైటుకు మిర్రర్, అంటే అచ్చు కాపీ, పెట్టడం తేలిక. ఫైళ్లన్నీ ఇంకో సర్వర్‌లోకి కాపీ చేస్తే సరి. 2010 డిసెంబర్‌లో, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటుకు డొమైన్ సేవ ఆగిపోయినప్పుడు, కొద్ది రోజుల్లోనే వందలమంది తమ సర్వర్లలో దాని కాపీలు పెట్టారు. ఒకటి తీసేస్తే పది మిగిలే ఉంటాయి.

ఆనియన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఇక్కడ అడ్రస్‌ను ఎవరో రిజిస్టర్ చేసి ఇవ్వరు. చివర డాట్ ఆనియన్ అని ఉండే ఆ 56 అక్షరాలు సర్వర్ పబ్లిక్ కీ, అంటే అందరికీ చూపించే డిజిటల్ కీ, నుంచే పుడతాయి. దానికి జోడీగా రహస్యంగా దాచుకునే ప్రైవేట్ కీ ఎవరి చేతిలో ఉంటే ఆ అడ్రస్ వాళ్లది.

మరి అదే కీని రెండు సర్వర్లలో పెడితే? పెట్టొచ్చు, కానీ ఆశించిన ఫలితం రాదు. సర్వర్‌ను చేరాలంటే ముందు ఏ రిలేలను (టోర్‌లో ట్రాఫిక్‌ను చేరవేసే మధ్యవర్తి కంప్యూటర్లను) సంప్రదించాలో చెప్పే డిస్క్రిప్టర్ ఒకటి టోర్ నెట్‌వర్క్‌లో ఉంటుంది. రెండు సర్వర్లూ ఎవరిది వాళ్లు అప్‌లోడ్ చేస్తే, చివరగా వచ్చినది ముందున్నదాన్ని చెరిపేస్తుంది. జనమంతా ఒకే సర్వర్ మీద పడతారు, రెండోది ఖాళీగా కూర్చుంటుంది. జనం వెళ్తున్న ఆ సర్వర్ పడిపోతే, రెండోది మళ్లీ అప్‌లోడ్ చేసేదాకా సైటు అందదు.

దీనికోసమే ఆనియన్‌బ్యాలెన్స్ అనే టూల్ వచ్చింది. వెనకున్న ఒక్కో సర్వర్‌కూ సొంత కీ, సొంత అడ్రస్ ఉంటాయి. ముందున్న మెషీన్ వాటన్నిటినీ చేరడానికి సంప్రదించాల్సిన రిలేల వివరాలు సేకరించి, అసలు అడ్రస్ పేరుతో ఒకే డిస్క్రిప్టర్‌గా ప్రచురిస్తుంది. విజిటర్ల ట్రాఫిక్ దాని గుండా పోదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, అసలు కీ వెబ్ సర్వర్లలో ఎక్కడా ఉండదు. ఒక సర్వర్ హ్యాక్ అయినా అడ్రస్ మాత్రం చేజారదు. అలాగని ముందున్న మెషీన్‌ను గాలికి వదిలేయకూడదు. అది ఆగిపోతే డిస్క్రిప్టర్ కొన్ని గంటల్లో పాతబడిపోతుంది.

ఇక దాడుల సంగతి. సర్వర్ ఎక్కడుందో తెలియకపోయినా, దొంగ కనెక్షన్ రిక్వెస్టులతో దాన్ని ముంచెత్తవచ్చు. అలాంటప్పుడు సర్వర్లు పెంచుకుంటూ పోవడం ఖర్చే తప్ప మందు కాదు. 2023లో టోర్ 0.4.8 వెర్షన్ ప్రూఫ్ ఆఫ్ వర్క్ రక్షణ తెచ్చింది. రద్దీ ఎక్కువైనప్పుడు విజిటర్ కంప్యూటర్ చిన్న లెక్క చేసి చూపించాలి. మామూలు మనిషికి అది పెద్దగా తెలియదు, వేలకొద్దీ రిక్వెస్టులు పంపేవాడికి మాత్రం భారమవుతుంది.

ఇంకో రకం మిర్రర్లున్నాయి, అడ్రస్‌లే వేరువేరుగా ఉండేవి. ఒకదాని మీద దాడి జరుగుతుంటే ఇంకోదానికి వెళ్లొచ్చు. కానీ చాలాసార్లు వెనక డేటాబేస్ ఒక్కటే ఉంటుంది. ఒకే బావికి పది చేదలు వేసినట్టు, బావి ఎండితే అన్నీ ఖాళీగానే వస్తాయి. 2017లో ఫ్రీడమ్ హోస్టింగ్ 2 హ్యాక్ అయినప్పుడు, అందులో ఉన్న సుమారు పదివేల సైట్లు ఒక్క దెబ్బకు పోయాయి. మిర్రర్ కూడా అదే హోస్టింగ్‌లో ఉంటే దాన్ని మిర్రర్ అనడం దండగ.

అంతకంటే పెద్ద టెన్షన్ నకిలీ మిర్రర్లు. 56 అక్షరాలనూ పూర్తిగా సరిచూసే ఓపిక ఎవరికుంటుంది? మొదటి నాలుగైదు చూసి నొక్కేస్తాం. మోసగాళ్లు సరిగ్గా ఆ అక్షరాలే కలిసేలా కీలు తయారుచేస్తారు. మధ్యలో కూర్చుని అసలు సైటునే చూపిస్తూ పాస్‌వర్డ్‌లు లాగేస్తారు. అందుకే జాగ్రత్తగా నడిపేవాళ్లు మిర్రర్ల జాబితాకు పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో డిజిటల్ సంతకం చేస్తారు. ఆ సంతకాన్ని సరిచూడటానికి కావాల్సిన పబ్లిక్ కీని ముందే, నమ్మకమైన చోటు నుంచి తెచ్చుకుని పెట్టుకోవాలి. జాబితా ఉన్న పేజీలోనే కనిపించే కీని నమ్మితే, నకిలీ పేజీలో నకిలీ కీ కూడా ఉంటుంది కదా.