బెల్లు ముందే మోగించండి

శ్రోతలందరికీ నమస్కారం.

నడిచేవారు, సైకిలు తొక్కేవారు ఒకే బాటను పంచుకునే ఏర్పాటు పార్కుల్లోనూ, నదీ తీరాల వెంటా, నగర వీధుల పక్కనా చాలా దేశాల్లో కనిపిస్తుంది. జర్మనీలో ఇలాంటి చోట గుండ్రని నీలి పలక మీద మనిషి బొమ్మ, సైకిలు బొమ్మ తెల్లగా ఉంటాయి. రెండింటి మధ్య గీత నిలువుగా ఉంటే ఎవరి భాగం వారిది, అడ్డంగా ఉంటే బాటంతా ఇద్దరిదీ. నేను మాట్లాడేది ఈ రెండో రకం బాట గురించి. అక్కడ ఎవరి హద్దూ గీసి ఉండదు గనుక మర్యాద మీదనే అంతా నడవాలి.

చిక్కంతా వేగాల్లోని తేడా వల్లనే వస్తుంది. మామూలుగా నడిచే మనిషి గంటకు 5 కిలోమీటర్లు పోతే, సైకిలు సునాయాసంగా 20 కిలోమీటర్లు పోతుంది. పైగా వెనుక నుంచి దాదాపు చప్పుడు లేకుండా వస్తుంది. ఆ వేగంలో 5 మీటర్ల దగ్గరకు వచ్చాక బెల్లు కొడితే, ముందు నడుస్తున్నవారికి మిగిలేది ఒక్క సెకను మాత్రమే. అంతలో ఎవరూ ఆలోచించలేరు, ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడ్డ మనిషి ఏ పక్కకు అడుగు వేస్తాడో అతనికే తెలియదు, ఒక్కోసారి సరిగ్గా సైకిలు దారిలోకే వేస్తాడు. అదే బెల్లు 20 మీటర్ల వెనుక మోగితే దాదాపు 5 సెకన్ల వ్యవధి దొరుకుతుంది. విని, వెనుదిరిగి చూసి, వేలు పట్టుకుని నడుస్తున్న పసివాణ్ణి దగ్గరకు తీసుకుని పక్కకు జరగడానికి ఆ 5 సెకన్లు చాలు.

బెల్లు కొట్టినంత మాత్రాన దారి మనదైపోదు. ముందున్నవారు జరగకపోతే మొండితనమని అనుకుని మళ్ళీ మళ్ళీ మోగించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ మనిషికి చెవులు వినిపించకపోవచ్చు. తెల్లకర్రతో నడిచేవారికి బెల్లు వినిపిస్తుంది గాని, సైకిలు ఏ పక్క నుంచి దాటబోతోందో తెలియదు; వారికి "మీ కుడివైపు నుంచి వెళుతున్నానండీ" అని నోటితో చెప్పడమే మేలు. ఇద్దరి విషయంలోనూ నడక వేగానికి దిగి, వీలైనంత ఎడం ఉంచి దాటాలి.

బ్రిటన్ రహదారి నియమావళిలో 2022 జనవరిలో ఒక సూత్రం చేరింది: ఎదుటివారికి ఎక్కువ హాని చేయగలవారి మీదనే ఎక్కువ బాధ్యత ఉంటుంది. లారీ నడిపేవారు అందరినీ కనిపెట్టుకుని పోవాలి, సైకిలు తొక్కేవారు నడిచేవారిని కనిపెట్టుకుని పోవాలి. ఇది పూర్తిగా న్యాయమని నేను నమ్ముతాను. రోడ్డు మీద కారు ఒరుసుకుంటూ దూసుకుపోయినప్పుడు గుండె ఎలా అదురుతుందో సైకిలు తొక్కే ప్రతివారికీ తెలుసు; ఉమ్మడి బాట మీద వృద్ధులకు ఆ భయం తమ వల్ల కలగకూడదు. వేగం సగానికి తగ్గితే, అంటే 20 నుంచి 10 కిలోమీటర్లకు వస్తే, తాకిడిలోని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది గనుక బ్రేకు మీద వేసే ఆ రెండు వేళ్ళ విలువ చాలా పెద్దది.

నడిచేవారికీ బాధ్యత లేకపోలేదు. నలుగురు స్నేహితులు బాట వెడల్పంతా వరుసగా పరుచుకుని నడిస్తే దాటే చోటు మిగలదు. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎంత ముందుగా కొట్టిన బెల్లయినా వృథాయే. అన్నిటికంటే ప్రమాదం కుక్క గొలుసు. యజమాని ఈ అంచున, కుక్క ఆ అంచున ఉంటే మధ్యలో సాగిన ఆ సన్నని తాడు సంధ్యవేళ సైకిలు మీది మనిషికి కనిపించదు. దానిని కురచగా పట్టుకుని కుక్కను తమ పక్కనే నడిపించుకోవాలి. ఫోను చూడాలన్నా, చెప్పు సరిచేసుకోవాలన్నా అంచుకు జరిగి ఆగాలి.

చీకటి పడ్డాక సైకిలు దీపాన్ని నేల వైపు వంచుకోవాలి, లేకపోతే ఎదురుగా వచ్చేవారికి కళ్ళు చెదిరి బాట అంచే కనిపించదు. వంతెన కింది ఇరుకు దారుల్లోనూ, అవతల ఎవరున్నారో తెలియని మలుపుల్లోనూ జనం ఎక్కువగా ఉంటే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవడం మంచిది. దానివల్ల ఆలస్యమయ్యేది ఒకటి రెండు నిమిషాలే.